లెక్కపెట్టని పుప్పొడికి జోస్యమా?

హైదరాబాద్‌లో తుమ్ములతో, ముక్కు దిబ్బడతో, కళ్ల దురదతో బాధపడే వాళ్లకు ఈమధ్య ఒక సలహా విరివిగా దొరుకుతోంది. "ఫోన్ చూసుకుని బయటికి వెళ్లండి, పుప్పొడి ఎంతుందో అందులోనే వస్తుంది" అని. ఈ సలహా వెనక ఒక వాదన ఉంది. ఉపగ్రహాలున్నాయి, కృత్రిమ మేధ ఉంది, గాలి నాణ్యత సూచీ ఎటూ ఉంది. అలర్జీ తెచ్చే చెట్లేవో అందరికీ తెలుసు, వాటిని నరికేస్తే సరిపోతుంది. వాన పడిందంటే మిగిలిన పుప్పొడి కూడా కడుక్కుపోతుంది. కనుక నగరానికి ప్రత్యేకంగా పుప్పొడి కేంద్రాలు పెట్టడం, మైక్రోస్కోపు ముందు మనుషుల్ని కూర్చోబెట్టడం పాతకాలపు ఖర్చు. వాదన ఇదీ.

చదువుకున్నవాళ్లు, సాంకేతికత మీద నమ్మకం ఉన్నవాళ్లు చెబుతున్న మాట కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తేలిగ్గా తీసుకోకుండా చూస్తే, ఇందులో ఒక్క అంశమూ నిలబడదు.

ముందు ఉన్న సంగతి చెప్పుకుందాం. హైదరాబాద్ గాలిలో ఇవాళ ఘనపు మీటరుకు ఎన్ని పుప్పొడి రేణువులున్నాయో, అవి ఏ మొక్కవో రోజూ లెక్కపెట్టి జనానికి ప్రకటించే ప్రభుత్వ వ్యవస్థ లేదు. ప్రపంచంలోని పుప్పొడి కేంద్రాల మీద 2018లో ప్రచురితమైన సర్వేలో పనిచేస్తున్నవి 879 తేలాయి. వాటిలో సగానికి పైగా యూరప్‌లోనే ఉన్నాయి. మన ఫోన్ తెరమీద హైదరాబాద్ పేరు పక్కన కనిపించే అంకె హైదరాబాద్ గాలిలో కొలిచింది కాదు. ఎక్కడో ఒక కంప్యూటర్ నమూనా వేసిన అంచనా.

అంచనా వేయడం తప్పేమీ కాదు. రేపటి ఎండ ఎంతో వాతావరణ శాఖ చెప్పేదీ అంచనాయే. కానీ ఆ అంచనాకు మర్నాడే పరీక్ష ఉంటుంది. 42 డిగ్రీలు అని చెబితే, బేగంపేటలోని ఉష్ణమాపకం 39 చూపిస్తే, తప్పు అందరికీ తెలుస్తుంది. ఎక్కడ తప్పామో చూసుకుని వాళ్లు నమూనాను సరిదిద్దుకుంటారు. హైదరాబాద్ పుప్పొడి అంకెకు అలాంటి పరీక్ష ఏ రోజూ జరగదు. "ఈరోజు తక్కువ" అని యాప్ చెప్పిన రోజున గాలిలో నిజంగా ఎంతుందో చూసినవాడు లేడు. తప్పని తేలే దారి లేని జోస్యానికి ఒప్పని తేలే దారీ ఉండదు. మిగతా వాదనంతా ఈ ఒక్క లోటు మీద కప్పిన దుప్పటి.

లెక్కపెట్టడం అంటే ఏమిటో తెలియకపోవడం వల్లే దాన్ని పాతకాలపు పని అనగలుగుతున్నారు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హర్స్ట్ అనే శాస్త్రవేత్త 1952లో ఒక పరికరం వివరాలు ప్రచురించాడు. పంటలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్ర బీజాలను పట్టడం ఆయన అవసరం. ఇప్పుడు వాడే రూపంలో దాని చిన్న పంపు నిమిషానికి 10 లీటర్ల గాలిని పీలుస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి పీల్చే గాలి కూడా దాదాపు అంతే. ఆ గాలి 2 మిల్లీమీటర్ల వెడల్పున్న సందులోంచి లోపలికి దూసుకెళ్లి, జిగురు పూసిన టేపు మీద కొట్టుకుంటుంది. టేపు చుట్టిన డ్రమ్ము గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున తిరుగుతూ వారానికి ఒక చుట్టు పూర్తిచేస్తుంది. రోజుకు 48 మిల్లీమీటర్ల ముక్క కత్తిరించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడితే 14.4 ఘనపు మీటర్ల గాలి ఏం మోసుకొచ్చిందో, ఏ గంటలో మోసుకొచ్చిందో కనబడుతుంది. గడ్డి రేణువు నున్నగా, ఒకే ఒక్క రంధ్రంతో ఉంటుంది. వయ్యారిభామ అనే కలుపు మొక్క రేణువుకు ఒళ్లంతా ముళ్లే. తోటకూర జాతి రేణువుకు చుట్టూ రంధ్రాలే. చూసి చూసి కన్ను అలవాటు పడ్డ మనిషి వీటిని వేరుచేసి లెక్క రాస్తాడు. డెబ్బై ఏళ్లు దాటినా పుప్పొడి లెక్కకు ప్రపంచం ఒప్పుకున్న కొలబద్ద ఈ పద్ధతే.

"ఇప్పుడు యంత్రాలే లెక్కపెడుతున్నాయి కదా" అంటారు. నిజమే. స్విట్జర్లాండ్‌లో, జర్మనీలోని బవేరియాలో గాలిలోని రేణువులను ఫొటో తీసి, అప్పటికప్పుడే గుర్తుపట్టే స్వయంచాలక పరికరాలు పనిచేస్తున్నాయి. అవి కూడా కొలిచే యంత్రాలే తప్ప ఊహించేవి కావని గమనించాలి. పైగా ఏ రేణువు ఏ మొక్కదో వాటికి మొదట నేర్పింది మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనుషులే. అక్కడి చెట్లను నేర్చుకున్న యంత్రాన్ని తెచ్చి సికింద్రాబాద్ మేడ మీద పెడితే సర్కారు తుమ్మ రేణువును అది ఏమని పిలుస్తుంది? దక్కన్ మొక్కలను ఎవరో ఒకరు దానికి కొత్తగా నేర్పాలి. ఆ ఒక్కరు లేకుండా కుదరదు.

ఇక ఉపగ్రహాలు, కృత్రిమ మేధ. పుప్పొడి అంచనాకు మూడు విషయాలు తెలియాలి. ఏ మొక్క ఎక్కడ ఎంత ఉంది, అది ఎప్పుడు పూస్తుంది, ఆ పుప్పొడిని గాలి ఎటు మోస్తుంది. మూడో పని వాతావరణ నమూనాలకు బాగా వచ్చు. మొదటి రెండూ ఊరూరా తేడా. ఉపగ్రహం పచ్చదనాన్ని చూస్తుంది. ఆ పచ్చదనం వరిచేనా, వయ్యారిభామా, కార్పొరేషన్ వేసిన లానా అన్నది కొంతవరకే చెప్పగలదు. అందులో ఇవాళ ఏది విచ్చుకుందో చెప్పలేదు. యూరప్‌కు కోపర్నికస్ వాతావరణ సేవ ఇచ్చే పుప్పొడి అంచనాలు ఆల్డర్, బర్చ్, గడ్డి, మగ్‌వర్ట్, ఆలివ్, రాగ్‌వీడ్ అనే ఆరింటికి. ఆ జాబితా అలా కుదరడానికి కారణం ఆ ఖండంలో దశాబ్దాల తరబడి వందల కేంద్రాలు వాటిని లెక్కపెట్టడమే. ఆ జాబితాలో గడ్డిని తీసేస్తే హైదరాబాద్ సంగతి చెప్పేది ఏముంది? బర్చ్ చెట్టును మన నగరంలో ఎవరు చూశారు? వయ్యారిభామ రాగ్‌వీడ్‌కు దగ్గరి చుట్టమే. ఒకదాని పుప్పొడి పడనివారికి రెండోదీ పడకపోవచ్చని పరిశోధనలు చూపాయి. కానీ చుట్టమైనంత మాత్రాన పూసే కాలం ఒకటి కాదు. రాగ్‌వీడ్ అక్కడి వేసవి చివరలో పూసి, చలి ముదిరితే చచ్చిపోతుంది. వయ్యారిభామ తడి ఉంటే చాలు, ఏడాదిలో ఎప్పుడైనా పూస్తుంది.

యాప్‌లో "చెట్లు: మధ్యస్థం, గడ్డి: తక్కువ, కలుపు: ఎక్కువ" అని మూడు ముక్కలు కనబడతాయి. ఏ చెట్లు? ఏ కలుపు? ఆ "ఎక్కువ" ఎవరి లెక్క ప్రకారం ఎక్కువ? ఘనపు మీటరుకు 35 గడ్డి రేణువులుంటే అమెరికా అలర్జీ వైద్యుల కొలమానంలో అది "ఎక్కువ". బ్రిటన్ కొలమానంలో "మధ్యస్థం". ఆ దేశాలు తమ గాలిలోని లెక్కలనూ తమ జనం అనుభవాన్నీ ముందు పెట్టుకుని ఆ గీతలు గీసుకున్నాయి. హైదరాబాద్ ముక్కులకు ఏ గీత దగ్గర తుమ్ములు మొదలవుతాయో తేలాలంటే ఒక పక్క రోజువారీ పుప్పొడి లెక్క, ఇంకో పక్క ఆస్పత్రుల చీటీలు ఉండాలి. మొదటిదే లేనప్పుడు తెరమీది ఎర్రరంగూ ఆకుపచ్చరంగూ అలంకారాలే.

గాలి నాణ్యత సూచీ చాలు అనేవారి పొరపాటు ఇంకా మౌలికమైనది. సనత్‌నగర్, జూ పార్కు, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి చోట్ల గాలిని కొలిచే కేంద్రాలున్న మాట నిజం. మన దేశపు సూచీలో ఉన్నవి ఎనిమిది: పీఎం10, పీఎం2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం. ఇందులో పుప్పొడి లేదు. "పీఎం10లో అదీ కలిసే ఉంటుందిగా" అనడానికీ వీల్లేదు. పీఎం10 అంటే 10 మైక్రాన్లూ అంతకు తక్కువా ఉన్న నలుసులు. అంతకంటే పెద్దవాటిని చాలావరకు ఆపేసేలాగే వాటిని కొలిచే యంత్రం నోటిని తయారుచేశారు. గడ్డి రేణువు 30 మైక్రాన్ల పైమాట. చాలా మొక్కల రేణువులు 15 నుంచి 60 మైక్రాన్ల మధ్య ఉంటాయి. అంటే మన ముక్కును సతాయించే రేణువును ఆ యంత్రం గుమ్మంలోనే వెనక్కి పంపుతోంది. లోపలికి వెళ్లిన దాన్నయినా అది తూచుతుందే గానీ గుర్తుపట్టదు. సూచీ పచ్చగా ఉన్న రోజున పుప్పొడి విపరీతంగా ఉండొచ్చు. సూచీ ఎర్రబడిన రోజున అసలు లేకపోనూవచ్చు.

లెక్క లేని చోట నింద చెట్ల మీద పడుతుంది. ఇప్పుడు ముద్దాయి కోనోకార్పస్. హరితహారం రోజుల్లో తెలంగాణ రోడ్ల మధ్య విభాగినుల్లో దీన్ని వరసలు కట్టి నాటారు. నీళ్లు తక్కువైనా ఏపుగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. తర్వాత శ్వాసకోశ సమస్యలు తెస్తుందన్న ఆందోళనలు రేగాయి. ఇక నాటొద్దని 2022లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. గుజరాత్ 2023లో నిషేధించింది. విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాత నాటిన ఏడాకుల పాల చెట్ల మీదా ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. అవి పూసే కాలంలో రాత్రిళ్లు ఆ ఘాటు వాసనకు తలనొప్పి వస్తోందని, ఆయాసం వస్తోందని జనం మొరపెట్టుకున్నారు.

ఆ చెట్లకు వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. ఎక్కడిదో పరాయి చెట్టు, ఒకే రకం, వేల సంఖ్యలో రోడ్ల వెంట నాటడం పిచ్చిపని. పిట్టకూ పురుగుకూ ఉపయోగపడని పచ్చదనం ఏం పచ్చదనం? ఈ కారణం చాలు వాటిని మార్చడానికి. కానీ "నగరంలో తుమ్ములకు కారణం ఇదే, తీసేస్తే తగ్గుతాయి" అనడం వేరు. ఆ మాటకు రుజువు కావాలి. కోనోకార్పస్ పుప్పొడి హైదరాబాద్ గాలిలో ఏ నెలలో, రోజుకు ఎన్ని రేణువులు? మిగతా పుప్పొడితో పోలిస్తే ఎంత వాటా? నింద వేసినవారిలో ఈ లెక్క చూపినవారు లేరు.

ఇరాన్‌లోని అహ్వాజ్ నగరాన్ని చూపించి కొందరు వాదించవచ్చు. అక్కడి వీధుల్లోనూ కోనోకార్పస్ విరివిగా ఉంది. 2013 నవంబరు 2న ఉరుములతో వాన కురిశాక ఆయాసంతో ఆస్పత్రులకు పరుగెత్తిన 2000 మంది వివరాలను అక్కడి వైద్యులు నమోదుచేశారు. అనుమానం చెట్టు మీదికీ మళ్లింది. బలమైన ఉదాహరణే. అయితే అది చెప్పేదేమిటి? అనుమానం ఉంటే కొలవమని. అనుమానమే తీర్పు అనుకోమని కాదు.

సాధారణ సూత్రం ఒకటి గుర్తుపెట్టుకుంటే ఈ నిందల్లో సగం తగ్గిపోతాయి. రంగుతో, వాసనతో, తేనెతో ఆకర్షించే పువ్వు తేనెటీగ కోసం, సీతాకోక కోసం పూస్తుంది. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. కీటకం కాలికి అంటుకోవడమే దాని పని, గాలిలో ఎక్కువ దూరం పోదు. ఏడాకుల పాల పూల ఘాటుకు ముక్కు మండవచ్చు, తల తిరగవచ్చు. అది వాసన చేసే చికాకు. పుప్పొడి అలర్జీ వేరు. గాలిని నమ్ముకున్న మొక్కకు అందంతో పనిలేదు. దాని పువ్వును మనం పువ్వనే అనుకోం. గరిక వెన్ను, సరుగుడు కొమ్మల చివరి గోధుమరంగు తోకలు, తోటకూర కంకులు అలాంటివే. రేణువులు తేలిక, పొడి, లెక్కలేనన్ని. కనిపించే పువ్వును నిందించి, కనిపించని పువ్వు మధ్య ఊపిరి పీలుస్తున్నాం.

మన నగరంలో కనిపించని నేరస్థుల్ని వెతకాలంటే అవుటర్ రింగ్ రోడ్డు వెంట ఒకసారి చూడండి. వెంచర్లలో ప్లాట్లు కొని, ప్రహరీ కట్టి, ధర పెరిగేదాకా వదిలేసిన జాగాలు ఎన్నో. తొలకరి పడగానే వాటి నిండా వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని పల్లెల్లో తిట్టుకునే ఈ మొక్కను 1950లలో పుణె దగ్గర గుర్తించాక అది దేశమంతా పాకింది. ఒక్క మొక్క సగటున 60 కోట్లకు పైగా పుప్పొడి రేణువులు ఇస్తుందని బెంగళూరులో చేసిన పరిశోధనలో తేలింది. వీటి పక్కనే చెరువు శిఖాల్లో సర్కారు తుమ్మ, మురుగు కాలవల గట్ల మీద ఆముదం, ఎక్కడపడితే అక్కడ గడ్డి. వీటన్నిటి పుప్పొడీ అలర్జీ తెస్తుందని మన దేశపు వైద్యులు ఎప్పుడో తేల్చారు. రోడ్డు మధ్య చెట్టు నరకడం సులువు, దానికి ఫొటో వస్తుంది. ప్లాటు యజమానికి నోటీసిచ్చి, పూతకు ముందే కలుపు పీకించడం కష్టం. లెక్కలుంటే ఏ పని ముందు చేయాలో వాదన లేకుండా తేలుతుంది. లేవు కనుక సులువైన పనే శాస్త్రంగా చలామణీ అవుతోంది.

వాన గాలిని కడిగేస్తుందన్న నమ్మకం కూడా సగం నిజమే, మిగతా సగం ప్రాణం మీదికి తెస్తుంది. ముసురు పట్టి కురిసే వాన రేణువులను నేలకు దింపుతుంది, ఒప్పుకుంటాను. ఉరుముల వాన కథ వేరు. మేఘంలోకి ఎగసిన గడ్డి రేణువు తడి పీల్చుకుని ఉబ్బి పగులుతుంది. ఒక్కో రేణువులోంచి 700 దాకా పిండి కణాలు బయటపడతాయి. అలర్జీ తెచ్చే ప్రోటీన్ వాటి మీదే ఉంటుంది. పూర్తి రేణువైతే ముక్కులోనే చిక్కుకునేది. ఈ ముక్కలు 3 మైక్రాన్లకు లోపు ఉండి ఊపిరితిత్తుల లోతుకు దిగిపోతాయి. వానకు ముందు వీచే చల్లగాలి వాటిని నేల మట్టానికి తెచ్చి మనుషుల మీద కుమ్మరిస్తుంది. 1994 జూన్ 24న లండన్‌లో ఇలాంటి ఉరుముల వాన తర్వాత 30 గంటల్లో 640 మంది ఉబ్బసంతో అత్యవసర విభాగాలకు వచ్చారు. 2016 నవంబరు 21 సాయంత్రం మెల్బోర్న్‌లో ఇంకా ఘోరం జరిగింది. మామూలుగా వచ్చేవారికి అదనంగా 3 వేల మందికి పైగా ఊపిరాడక ఆస్పత్రులకు చేరారు. పది మంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఆస్తమా ఉన్నట్టే తెలియదు, ఏటా గడ్డి పూసే కాలంలో తుమ్ములు మాత్రం వచ్చేవి. భారత, ఆసియా మూలాలున్నవారు తమ జనాభా వాటాకు మించి ఇందులో ఉన్నారు. పిల్లల్ని అక్కడికి చదువులకూ ఉద్యోగాలకూ పంపిన తెలుగు కుటుంబాలు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

మెల్బోర్న్ ఉదంతంలో మనం నేర్చుకోవలసింది దుర్ఘటన తర్వాతి సంగతి. ఏడాది తిరక్కుండానే, 2017 అక్టోబరుకల్లా, ఆస్ట్రేలియా వాతావరణ శాఖ, విక్టోరియా ఆరోగ్య శాఖ కలిసి ఉరుముల ఆస్తమా హెచ్చరికలు మొదలుపెట్టాయి. గడ్డి పుప్పొడి ఎంతుంది, ఈదురుగాలి ఎలా వీస్తుంది అన్న రెండూ కలిపి రోజువారీ ప్రమాద స్థాయిని చెబుతారు. అంత త్వరగా ఎలా చేయగలిగారు? మెల్బోర్న్ విశ్వవిద్యాలయం 1991 నుంచి గడ్డి పూసే ప్రతి సీజన్‌లోనూ ఆ నగరపు పుప్పొడిని లెక్కపెడుతూ వచ్చింది కనుక. పాతికేళ్ల లెక్క చేతిలో ఉంది కనుక ఒక్క ఏడాదిలో జోస్యం పుట్టింది. టోక్యోలోనూ అంతే. వచ్చే వసంతంలో సుగి చెట్ల పుప్పొడి ఎంత దంచుతుందో అక్కడ ముందటి వేసవి ఎండను, చెట్ల మగ మొగ్గలను చూసి చెబుతారు. ఏటా లెక్క రాసుకున్నారు కనుకే ఎండకూ పుప్పొడికీ ఉన్న సంబంధం వాళ్లకు అంతుచిక్కింది. ఎక్కడైనా వరస ఇదే. ముందు లెక్క, తర్వాత పట్టిక, ఆ తర్వాత జోస్యం. మనకు చివరి మెట్టు మీదే నేరుగా కాలు పెట్టిస్తామంటున్నారు. మే నెలలో హైదరాబాద్‌లో ఈదురుగాలులతో ఉరుముల వాన పడిన మర్నాడు ఆయాసం కేసులు పెరిగాయా లేదా అని ఏ వైద్యుడైనా చూడబోతే, పక్కన పెట్టి పోల్చడానికి ఆ సాయంత్రపు పుప్పొడి లెక్క ఒక్కటీ దొరకదు.

ఇక ఎదురయ్యే అభ్యంతరాల్లో బరువున్నది ఒకటుంది. "మన దగ్గర అలర్జీకి పెద్ద కారణం పుప్పొడి కాదు, ఇంట్లోని దుమ్ము పురుగులు, బొద్దింకలు, బూజు. పుప్పొడి లెక్కకు ఇంత హడావిడి ఎందుకు?" అని. దుమ్ము పురుగుల మాట నిజం. మన దేశంలో చర్మ పరీక్షల్లో తరచుగా ముందు నిలిచేవి అవే. కానీ లెక్క దేనికి? నేరం మోపడానికే కాదు, విడుదల చేయడానికి కూడా. గాలిలో పుప్పొడి దాదాపు లేని రోజున కూడా పిల్లవాడికి పిల్లికూతలు ఆగకపోతే తల్లిదండ్రులు పరుపు, దిండు, గోడ చెమ్మ చూసుకోవాలి. గడ్డి పుప్పొడి పెరిగిన వారంలోనే వస్తుంటే కిటికీ వైపు చూడాలి. రెంటినీ విడదీసేది లెక్కే. బూజు విషయానికొస్తే, ఆల్టర్నేరియా లాంటి శిలీంధ్రాల బీజాలు కూడా అదే టేపు మీద పడతాయి, అదే మైక్రోస్కోపు కింద కనబడతాయి.

"తెలిసి రోగి చేసేదేముంది, మాత్ర వేసుకోవడమేగా" అన్నది ఇంకో మాట. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి రోజులు పడుతుంది. అందుకే సీజన్‌కు ముందే మొదలుపెట్టమంటారు వైద్యులు. సీజన్ ఎప్పుడో తెలియని ఊళ్లో "ముందు" అంటే ఎప్పుడు? చర్మ పరీక్షకు ఏ పుప్పొడుల సారం వాడాలో, మూడేళ్లు ఆపైన సాగే ఇమ్యునోథెరపీలో ఏ పుప్పొడిని ఎక్కించాలో నిర్ణయించేదీ స్థానిక గాలే. పొరుగు రాష్ట్రపు జాబితాతో పరీక్ష చేస్తే అసలు కారణం పట్టికలోనే లేకపోవచ్చు.

డబ్బు లేదనడం అన్నిటికన్నా బలహీనమైన సాకు. కాలుష్యాన్ని నిరంతరం కొలిచే ఒక ఆధునిక కేంద్రం ఖర్చు కోటి రూపాయల స్థాయిలో ఉంటుంది, అలాంటివి నగరంలో ఇప్పటికే ఉన్నాయి. హర్స్ట్ పరికరం అంటే ఒక పంపు, గడియారంలా తిరిగే ఒక డ్రమ్ము, జిగురు టేపు. దాని ధర ఆ కోటిలో చిన్న భాగం. నిజంగా కావలసింది శిక్షణ పొందిన మనుషులు. తూర్పున ఉస్మానియా, పడమట సెంట్రల్ యూనివర్సిటీ, రెండూ చెట్లున్న విశాలమైన ఆవరణలు, రెండింటిలోనూ మొక్కల శాస్త్రం చదివే పిల్లలున్నారు. విద్య మనకు కొత్తదీ కాదు. కలకత్తా జైళ్ల ఆవరణలో గాలిని పట్టి మైక్రోస్కోపు కింద చూసిన కనింగ్‌హామ్ పని 1870ల నాటిది. కేంద్ర పర్యావరణ శాఖ పలు నగరాల్లో గాలిలోని అలర్జీ కారకాల మీద సమన్వయ పథకం నడిపి 2000లో నివేదిక ఇచ్చింది. చండీగఢ్‌లో పీజీఐ వైద్య సంస్థ, పంజాబ్ విశ్వవిద్యాలయం కలిసి ఆ నగరానికి పుప్పొడి క్యాలెండర్ తయారుచేసి 2022లో వెలువరించాయి. ఏ నెలలో ఏ మొక్క పుప్పొడి గాలిలో ఉంటుందో ఆ పట్టికలో ఉంది. అది జోస్యం కాదు, జోస్యానికి పునాది. చండీగఢ్ చేయగలిగింది హైదరాబాద్‌కు చేతకాదా?

మన ప్రభుత్వాలకు ఆస్తమా రోగుల మీద శ్రద్ధ లేదని కూడా అనలేం. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వేల మంది బారులు తీరితే బారికేడ్లు, మంచినీళ్లు, ప్రత్యేక బస్సులు ఏర్పాటుచేస్తారు. మత్స్యశాఖ కొర్రమీను పిల్లల్ని సరఫరా చేస్తుంది. ఆ ప్రసాదం పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. నా ప్రశ్న ఏర్పాట్ల గురించి. ఊపిరి అందని వాళ్ల కోసం ఏడాదికొకసారి ఇన్ని శాఖలు కదలగలిగినప్పుడు, వాళ్లు మిగతా రోజుల్లో ఏం పీల్చుతున్నారో లెక్కపెట్టడానికి ఒక్క శాఖ ఎందుకు కదలదు?

చేయవలసింది పెద్దదేమీ కాదు. నగరంలో కనీసం రెండు మూడు చోట్ల మేడల మీద పరికరాలు పెట్టాలి. ఏడాది పొడవునా, సెలవుల్లో కూడా, ఆపకుండా లెక్కపెట్టాలి. ఏ మొక్క పుప్పొడి ఎంతో విడివిడిగా, ఎవరైనా వాడుకునేలా ప్రకటించాలి. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, నిలోఫర్ లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆయాసంతో వచ్చేవారి రోజువారీ సంఖ్యను రోగుల పేర్లు లేకుండా దాని పక్కన పెట్టాలి. ఖాళీ ప్లాట్లలో కలుపు ఎప్పుడు తీయించాలో, రోడ్డు పక్కన ఏ చెట్టు నాటాలో ఆ లెక్క చూసి తేల్చాలి. కొన్నేళ్లు ఇలా గడిస్తే యాప్ తయారుచేసేవాళ్లకూ నిజమైన ముడిసరుకు దొరుకుతుంది. అప్పుడు వాళ్ల కృత్రిమ మేధను నేనూ నెత్తిన పెట్టుకుంటాను.

అంతవరకూ వాళ్లు చేయవలసిన పని ఒకటుంది. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక అచ్చేయించిన దేశం మనది. హైదరాబాద్ పుప్పొడి అని చూపించే ప్రతి అంకె కింద, అంకె ఎంత పెద్దగా ఉందో అంతే పెద్ద అక్షరాలతో, ఒక వాక్యం రాయాలి: "ఇది అంచనా. ఈ నగరపు గాలిలో కొలిచింది కాదు." ఆ వాక్యం రాయడానికి ఏ కంపెనీ అయినా వెనకాడితే, దాని అంకెను ఎంతవరకు నమ్మవచ్చో జవాబు అక్కడే దొరికినట్టు.